నిప్పు మోయడమేనా, ఆడొద్దా?

(నిర్మల్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వ్యాయామం గురించి మాట్లాడమన్నారు. హక్కుల సభలో వ్యాయామం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అందులోనూ నేను చెప్పబోయేది నడక గురించో, యోగా గురించో కాదు. నిప్పుతో ఆడే ఆట గురించి. గొలుసు కొసన వత్తి కట్టి, వెలిగించి, తల చుట్టూ, భుజాల చుట్టూ తిప్పుతూ అడుగు వేసే ఆట. గోవా, బెంగుళూరు వంటి చోట్ల దీన్ని ఫైర్ డాన్స్ అంటున్నారు. ఒంటికి మంచి వ్యాయామమని నేర్పుతున్నారు. మేం పదకొండు మంది ఆడవాళ్ళం ఇక్కడ, ఈ నిర్మల్‌లో, దాన్ని నేర్చుకుని చూశాం. మాలో బీడీలు చుట్టేవాళ్ళున్నారు, కుట్టుమిషను మీద బతికేవాళ్ళున్నారు, ఒక టీచరు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. ఏం నేర్చుకున్నాం, ఏం అడ్డొచ్చింది, దీనికీ మన హక్కులకీ సంబంధం ఏమిటి అన్నది చెప్తాను.

నిప్పు ఎవరి చేతిలో ఉంది?

నిప్పు మనకు కొత్త కాదు. పొద్దున లేస్తే పొయ్యి ముందే మన బతుకు. కట్టెల పొగకు కళ్ళు మండించుకున్నదీ మనమే, గంజి వార్చి చేతులు కాల్చుకున్నదీ మనమే. కానీ నిప్పు ఇంట్లో మనకు పని మాత్రమే కాదు, బెదిరింపు కూడా. ‘గ్యాసునూనె పోసి అంటిస్త’ అన్న మాట వినని వాడకట్టు ఏదైనా ఉందా? లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2009లో ఒక అధ్యయనం వచ్చింది. 2001 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో మంటల వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారని, అందులో సుమారు 1,06,000 మంది స్త్రీలని అది అంచనా వేసింది. ఎక్కువ మంది 15 నుంచి 34 ఏళ్ళ లోపు వాళ్ళు. ఆ వయసులో మంటలకు పోయిన మొగవాడు ఒకడైతే ఆడవాళ్ళు ముగ్గురు. వంట చేస్తుంటే స్టవ్ పేలిందన్న మాట వెనక ఏమేం దాగి ఉందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

స్త్రీలు రోడ్డెక్కి పోరాడితేనే 1983లో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు వచ్చాయి. 2024 జూలై 1 నుంచి ఇవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. చట్టం ఉంది. చావులు ఆగలేదు. 2022లో దేశంలో 6,450 వరకట్న చావులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాలే చెప్తున్నాయి. అన్నీ మంటల చావులు కావు. కానీ మన పీడకలల్లో మాత్రం మంట పోలేదు.

ఇది ఇంటి లోపలి నిప్పు. ఇంటి బయట నిప్పు సంగతి చూద్దాం. మన దగ్గర పీర్ల పండుగకు పీర్ల కొట్టం ముందు గుండం తవ్వి మొద్దులు రాజేస్తారు. హిందువులు, ముస్లింలు అన్న భేదం లేకుండా డప్పు మీద అలావ ఆడతారు. ఎంత అందమైన ఆట! కానీ గుండం చుట్టూ ముందు వరుసలో ఎగిరేది ఎవరు? మొగవాళ్ళు. మనం మలీద ముద్దలు పట్టుకుని, బిందెలతో నీళ్ళు పట్టుకుని గోడ పక్కన నిలబడతాం. కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు కూడా పాడుతూ అడుగు కలుపుతారు, కాదనను. కానీ ఆ రాత్రి ఎవరిదని అడిగితే ఊరంతా ఒకే జవాబు చెప్తుంది. కామదహనం నాడు కట్టెలు పోగేసి మంట పెట్టేదీ మొగపిల్లలే. కర్రసాములో కర్ర రెండు కొసలా మంట పెట్టి తిప్పే వస్తాదులూ మొగవాళ్ళే. తాలీంలో ఆడపిల్ల అడుగు పెట్టడం మొన్న మొన్నటి దాకా ఊహకు కూడా అందని సంగతి. ఇక దొరల ఊరేగింపుల్లో కాగడాలు పట్టింది వెట్టి చేసే కులాల వాళ్ళు. అంటే నిప్పు చుట్టూ మొగతనం ఒక్కటే కాదు, కులం కూడా ఉంది. పట్టుకున్న వాడొకడు, వెలుగులో నడిచిన వాడొకడు.

శిగమొస్తేనే ఆట

మరి మన ఆడవాళ్ళు నిప్పుతో ఆడనే లేదా? ఆడారు. బోనం చూడండి. కుండ మీద కుండ, దాని మీద వెలిగే దీపం. అడెల్లి పోచమ్మ దగ్గరికి బోనమెత్తుకుని పోయే ఆడమనిషి మెడ నిటారుగా, నడుం అదుపులో, డప్పుకు తగ్గ అడుగుతో, దీపం కొండెక్కకుండా నడుస్తుంది. పోతపోసినట్టున్న ఆ నిలకడ ఏ వ్యాయామశాలలో నేర్పుతారు? ఏ సర్టిఫికెట్టూ లేకుండా మన అమ్మలు, అమ్మమ్మలు దాన్ని నేర్చుకున్నారు.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. అదే ఆడమనిషి బోనం దించి, జుట్టు విరబోసుకుని చిందేస్తే ‘అమ్మవారు పూనింది’ అంటారు. శిగమూగుతోంది అని పక్కకు జరిగి చోటు ఇస్తారు, కాళ్ళకు మొక్కుతారు. శిగం దిగాక మర్నాడు ఆమె అదే వీధిలో తన సంతోషం కొద్దీ రెండు అడుగులు వేస్తే ఏమంటారు? ‘సిగ్గు లేదా’ అంటారు. అంటే మన ఒంటికి ఆడే అనుమతి ఉంది, అయితే ఆ ఒళ్ళు మనది కానప్పుడు మాత్రమే ఉంది. దేవత ఆడిందంటే ఒప్పుకుంటారు. నేనే ఆడుతున్నానంటే ఒప్పుకోరు. మేం గొలుసులు తిప్పడం మొదలుపెట్టినప్పుడు మా వాడకట్టులో ఒక అవ్వ నన్ను నిలబెట్టి అడిగింది: ‘గిదేం పని బిడ్డా, నీకేమన్న శిగమొచ్చిందా?’ లేదు అవ్వా, సోయిలో ఉండే ఆడుతున్నా అన్నాను. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ముక్కే. మనం సోయిలో ఉండి ఆడే హక్కు అడుగుతున్నాం.

నిప్పు చుట్టూ ఉన్న మహిమల గురించి కూడా ఒక మాట. అగ్నిగుండం తొక్కినా కాలలేదంటే భక్తి వల్లనో, పాతివ్రత్యం వల్లనో అనుకుంటారు. నిప్పు కణికలూ వాటి మీది బూడిదా వేడిని నెమ్మదిగా మాత్రమే చర్మానికి అందిస్తాయి. వడివడిగా నడిచే పాదం ఒక్కో చోట ఆనేది క్షణం కన్నా తక్కువ. అందుకే కాలదు. ఆగితే ఎంత పుణ్యాత్మురాలైనా కాలుతుంది. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా నిప్పుల మీద నడిచి ఈ సంగతే చూపించారు. నిప్పు ఎవరి శీలాన్నీ పరీక్షించదు. సీతమ్మను పరీక్షించింది నిప్పు కాదు, పక్కన నిలబడ్డ మనుషులు. 1987లో దేవరాలాలో పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్ చితి చుట్టూ నిలబడ్డదీ మనుషులే. నిప్పును అర్థం చేసుకోవడం అంటే ఆ మనుషుల చేతిలోంచి దాన్ని తీసుకోవడం.

ఇది ఎక్కడి ఆట?

తాడు కొసన ఉండ కట్టి తిప్పే ఆటను ‘పోయి’ అంటారు. న్యూజీలాండ్‌లోని మావోరీ ప్రజలది. అక్కడ ముఖ్యంగా స్త్రీలు పాటకు తగ్గట్టు దీన్ని తిప్పుతారు. మొగవాళ్ళు మణికట్లు చురుగ్గా ఉండటానికి సాధన చేసేవాళ్ళట. దాని అసలు రూపంలో నిప్పు లేదు. నిప్పు తర్వాత వచ్చి చేరింది. సమోవా దీవుల్లో కత్తి తిప్పే ఆట ఉంది. దాని కొసలకు మంట చేర్చింది లెతులి అనే సమోవా నర్తకుడు, 1946లో, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో. అంటే ప్రదర్శన కోసం మంట వచ్చింది, ఒంటి మేలు అంతకు ముందు నుంచే ఉంది.

ఈ తేడా మనకు ముఖ్యం. వ్యాయామమంతా తిప్పడంలోనే ఉంది. మంట వల్ల కండకు కొత్తగా వచ్చేదేమీ లేదు. ఆక్లండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 60 ఏళ్ళు దాటిన 79 మంది మీద పరిశోధన చేశారు. కొందరికి నెల రోజులు పోయి నేర్పారు, కొందరికి చైనా వాళ్ళ తై చీ నేర్పారు. నెల తర్వాత రెండు బృందాల్లోనూ నిలకడ, చేతుల బలం, ధ్యాస మెరుగైనాయి. అంటే పోయి ఒక్కటే గొప్పదని కాదు. మన కోలాటమూ, మన బతుకమ్మ అడుగూ ఇలాంటివే. మంట వల్ల కలిగే లాభం ఒక్కటే - ధ్యాస. చేతిలో మంట ఉన్నప్పుడు రేపటి అప్పు గుర్తుకు రాదు. అందుకే మంట వద్దన్న వాళ్ళకు ఆటలో సగం తగ్గించి ఇవ్వనక్కర్లేదు. వాళ్ళది కూడా పూర్తి ఆటే.

పని చేస్తున్నాం కదా, వ్యాయామమెందుకు?

ఇది అందరూ అడిగే ప్రశ్న. పొద్దంతా చాకిరీ చేసే ఆడమనిషికి మళ్ళీ వ్యాయామమా? అడగాల్సిన ప్రశ్నే. కానీ పని వేరు, వ్యాయామం వేరు. బీడీలు చుట్టే మనిషిని చూడండి. చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, నడుం వంచి, వెయ్యి బీడీలు అయ్యేదాకా కూర్చుంటుంది. వేళ్ళు ఒక్కటే కదులుతాయి. భుజాలు కదలవు, మోకాళ్ళు కదలవు. ఊపిరి నిండా పీల్చుకోనివ్వదు తంబాకు దుమ్ము. నాట్లు వేసే మనిషికి నడుం ఒకే వంపులో ఉంటుంది. పని మన ఒంట్లో తనకు కావలసిన ముక్కను వాడుకుని మిగతాది బిగదీసి పారేస్తుంది. వ్యాయామం ఆ మిగతాదాన్ని మనకు తిరిగి ఇస్తుంది.

ఇంకో సంగతి, సమయం. 2024లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం కూలి లేని ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మొగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. లాన్సెట్ వాళ్ళ మరో పత్రిక 2024లో వేసిన అంచనా చూస్తే మన దేశంలో స్త్రీలలో 57 శాతం మందికి, పురుషుల్లో 42 శాతం మందికి ఒంటికి కావలసినంత కదలిక లేదు. ఇంత చాకిరీ చేస్తూ కూడా మనకే కదలిక తక్కువ! ఆరోగ్యానికి పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు 289 నిమిషాలు ఇంటికి ఇచ్చే మనిషికి వారానికి 150 నిమిషాలు దొరకడం లేదంటే అది బద్ధకం కాదు, అన్యాయం.

మేం నేర్చుకున్న తీరు

పాత చీర ముక్కల్లో జొన్నలు పోసి ఉండలు కుట్టాం. మోకాలి నుంచి పాదం దాకా ఉన్నంత పొడవు తాడు కట్టాం. ముందు ఒక చేత్తో ముందుకు, తర్వాత వెనక్కు, తర్వాత రెండు చేతులా. మొదటి వారం అందరి మొహాలకూ తగిలాయి. మేం ఎంత నవ్వామంటే, ఎన్నేళ్ళయిందో అలా నవ్వి అని ఒక వదినె అన్నది. మాకందరికీ ఆశ్చర్యం కలిగించిన సంగతి, మణికట్టు తిప్పడం బీడీలు చుట్టే అక్కలకే ముందుగా పట్టుబడింది. వేళ్ళ నేర్పు వాళ్ళకు ముందే ఉంది. కష్టమంతా భుజం విప్పడంలోనే. చెయ్యి తల పైకి ఎత్తలేక ఒకామె ఏడ్చింది. నెలన్నరకు ఎత్తింది.

మూడు నెలల దాకా మంట ముట్టలేదు. ఆ తర్వాత కూడా వెలిగించింది నలుగురం మాత్రమే. ఒక్కొక్కరం రెండు నిమిషాలు. చెవి పక్క నుంచి మంట పోతుంటే బుస్సుమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు ఒళ్ళు జలదరిస్తుంది, వెంటనే నిలకడ వస్తుంది.

మాలో ఒకామె మంట దగ్గరికి రానన్నది. ఆమె చెల్లెలు అత్తవారింట్లో కాలి చనిపోయింది. మేమెవరం ఆమెను బతిమాలలేదు. భయం పోగొట్టుకో అని చెప్పే హక్కు మనకు లేదు. ఆమె ఉండలు మాత్రం తిప్పింది, అందరికన్నా బాగా తిప్పింది. కొన్ని రోజుల తర్వాత తనంతట తానే వచ్చి, ‘తడి గోనె నాకియ్యిండ్రి. మీకెవ్వలకన్న అంటుకుంటె నేను ఆర్పుత’ అన్నది. అప్పటి నుంచి మా కాపలా ఆమెదే. మంట ఆడేవాళ్ళ కన్నా మంట ఆర్పే మనిషి మీదే మా ధైర్యమంతా ఆనుకుని ఉంది.

తప్పనిసరి జాగ్రత్తలు

ఇంటికి పోయి రాత్రికి రాత్రి మొదలుపెట్టకండి. తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకోకుండా మంట ముట్టొద్దు. నైలాన్, పాలిస్టర్ బట్టలు చర్మానికి కరిగి అంటుకుంటాయి. ఒంటిని పట్టి ఉండే నూలు బట్టలే వేసుకోవాలి. చున్నీ, కొంగు, గాజులు వద్దు. జుట్టు తడిపి, బిగించి కట్టుకోవాలి. వత్తికి నూలు గుడ్డ పనికిరాదు, కాలి తునకలుగా రాలుతుంది. కెవ్లార్ అనే నిప్పుకు ఓర్చుకునే పట్టీ కావాలి, తాడు బదులు ఇనుప గొలుసు కావాలి. పెట్రోలు ఎన్నడూ వాడొద్దు. గ్యాసునూనెలో ముంచాక కారే నూనెను డబ్బాలోకే విదిలించి, డబ్బా మూతపెట్టి దూరంగా ఉంచిన తర్వాతే వెలిగించాలి. నూనె నోట్లో పోసుకుని మంట ఊదే పని అసలే వద్దు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గాలి వీచే రాత్రి, గడ్డి ఎండిన చోట, కల్లు తాగిన వాళ్ళు ఉన్న చోట ఆడొద్దు. గర్భిణులు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు మంటకు, పొగకు దూరంగా ఉండాలి.

కాలితే వెంటనే ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి. ఐసు వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. బొబ్బ పెద్దదైతే దవాఖానకు పోవాలి. ఇవి ఆటకే కాదు, రేపు వంటింట్లో కూడా పనికొస్తాయి.

మొదలుపెట్టే ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కళ్ళు తిరిగే మనిషి చేతికి గొలుసు ఇచ్చి వ్యాయామం చెయ్యమనడం న్యాయం కాదు. ముందు తిండి, ఆ తర్వాతే ఆట.

అడ్డొచ్చింది మంట కాదు

మంట వల్ల మాకు జరిగిన నష్టం రెండు చిన్న బొబ్బలు. మనుషుల వల్ల వచ్చిన అడ్డంకులు అంతకన్నా పెద్దవి. ఒక మైదానం అడిగితే, పొద్దుగూకినాక ఆడవాళ్ళకు గ్రౌండులో ఏం పని అన్నారు. అదే మైదానంలో అదే వేళకు మొగపిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒకరి పెరట్లో మొదలుపెడితే గోడల మీంచి సెల్‌ఫోన్లు లేచాయి. వీడియో తీసి పంచుతారన్న భయంతో ఇద్దరు వారం రోజులు రాలేదు. మేం ఇంటింటికీ పోయి ఆ పిల్లల తల్లులతో మాట్లాడాం. అనుమతి లేకుండా తీస్తే పోలీసు స్టేషనుకు పోతామని చెప్పాం. ఆ తల్లుల్లో ఒకామె మరుసటి రోజు మాతో ఆడటానికి వచ్చింది!

ఇంట్లో గొడవలు మామూలే. అన్నం ఆలస్యమైందని, పిల్లలు ఏడ్చారని. నిప్పు పొయ్యి కింద ఉన్నంత సేపు ఎవరికీ దాని ప్రమాదం గుర్తురాలేదు. మన చేతిలో, మన ఇష్టంతో వెలిగినప్పుడే అందరికీ మన ప్రాణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మనం అడిగేది

స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షను తొలగించే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 1979లో వచ్చింది. మన దేశం 1993లో దాన్ని ఆమోదించింది. అందులో 10వ అధికరణం చదువులో భాగంగా క్రీడల్లో, వ్యాయామ విద్యలో ఆడవాళ్ళకు సమాన అవకాశం ఉండాలంటుంది. 13వ అధికరణం వినోదంలో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కు మనకు ఉందంటుంది. కాబట్టి ఇది సరదా కాదు, సంతకం పెట్టిన మాట.

మనం ఏం అడుగుతున్నాం? ప్రతి మండల కేంద్రంలో మైదానం సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకు కేటాయించాలి. అక్కడ దీపాలుండాలి, మరుగుదొడ్డి ఉండాలి, నీళ్ళుండాలి. బీడీ కార్మికులకు మెడ, నడుం, ఊపిరితిత్తుల పరీక్షలు క్రమంగా జరగాలి. కాలిన గాయాలకు వైద్యం జిల్లా దవాఖానలోనే దొరకాలి. ఇంట్లో ఆ గంట అన్నం ఎవరు వండాలన్నది ఏ కలెక్టరూ తేల్చడు. అది మనం ఇంట్లోనే తేల్చుకోవాలి.

అందరూ నిప్పు తిప్పాలని నేను చెప్పడం లేదు. ఒకరు కోలాటం వేయవచ్చు, ఒకరు ఈదవచ్చు, ఒకరు ఊరికే చెట్టు కింద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఏది చేసినా అది మన కోసం చేసే గంట కావాలి. పొయ్యి ముందు గడిపే గంటలకు ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ అడగమనలేదు. ఈ గంటకూ అడగొద్దు.

సభ అయ్యాక బయట వాకిట్లో జొన్నల ఉండలు పదిహేను జతలు పెట్టాం. నిప్పు లేదు, భయపడకండి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని రండి.